గాలి తీరంలో సర్ఫర్ దినచర్య: మైపాడు నుంచి కొత్తపట్నం దాకా ఒక సమగ్ర మార్గదర్శి

పులికాట్ సరస్సు దాటిన దగ్గర నుంచి ఒంగోలు పక్కనున్న కొత్తపట్నం దాకా సముద్రతీరం దాదాపు ఉత్తర దక్షిణాలుగా తిన్నగా సాగుతుంది. విశాఖపట్నంలో మాదిరిగా సముద్రంలోకి చొచ్చుకొచ్చిన కొండలు గానీ, గాలికి చాటు ఇచ్చే మలుపులు గానీ ఇక్కడ లేవు. అందువల్ల సముద్రం మీది గాలి నేరుగా ఒడ్డునే తాకుతుంది. అల కూడా చాలాచోట్ల ఒక పక్క నుంచి మరో పక్కకు వరుసగా విరగకుండా, ఒడ్డు పొడవునా ఒక్కసారిగా కూలిపోతుంది. కృష్ణపట్నం, రామాయపట్నం ఓడరేవుల దగ్గర, జువ్వలదిన్నె చేపల రేవు దగ్గర వేసిన రాళ్ల కట్టలు తప్ప మిగతాదంతా ఇసుకే. ఇంత తిన్నని, ఇంత గాలి పాలైన తీరంలో రోజూ సర్ఫింగ్ చేయాలనుకునేవారు మొదట గాలి వేళను పట్టుకోవాలి, తరువాత ఇసుకను చదవడం నేర్చుకోవాలి. బోర్డు మీద నిలబడడం మూడో సంగతి మాత్రమే అని నా గట్టి అభిప్రాయం. నెల్లూరులోనో, కావలిలోనో, ఒంగోలులోనో ఉంటూ, ఉద్యోగమో వ్యవసాయమో చదువో చేసుకుంటూ, సముద్రాన్ని దినచర్యలో భాగం చేసుకోదలచినవారి కోసం ఈ క్రమాన్ని వివరిస్తున్నాను.

మొదటి మెట్టు: బోర్డు కొనడానికి ముందు

ఈత వచ్చినంత మాత్రాన సముద్రం వచ్చినట్టు కాదు. చెరువులోనో ఈతకొలనులోనో ఆగకుండా కనీసం నాలుగు వందల మీటర్లు ఈదగలగడం, నేల అందనిచోట పది నిమిషాలు కంగారు పడకుండా తేలుతూ ఉండగలగడం అనే ఈ రెండూ సాధించేదాకా బోర్డు జోలికి పోకూడదు. నెల్లూరు దగ్గరి మైపాడులో, కొత్తపట్నంలో సెలవు రోజుల్లో స్నానానికి దిగి కొట్టుకుపోయినవారి వార్తలు పత్రికల్లో చూస్తూనే ఉంటాం. బోర్డు ఉంటే తేలుతాం కదా అన్న ధీమా మరింత ప్రమాదకరం, ఎందుకంటే బోర్డును కాలికి కట్టిన తాడు తెగిన క్షణంలో మీ దగ్గర మిగిలేది మీ ఈత ఒక్కటే.

మొదటి పాఠాలు శిక్షకుడి దగ్గరే నేర్చుకోవాలి. చెన్నైకి దక్షిణాన ఉన్న కోవళంలో మత్స్యకార కుటుంబాల యువకులే సర్ఫర్లుగా, శిక్షకులుగా ఎదిగారు. నెల్లూరు నుంచి తెల్లవారుజామున రైలెక్కితే మధ్యాహ్నానికి అక్కడ ఉండవచ్చు. ఉత్తరం వైపు వెళ్లదలిస్తే విశాఖపట్నంలో రుషికొండ ఉంది. అక్కడ వారం రోజులు గడిపి, నురగ అలల్లో లేచి నిలబడడం వచ్చాక మన తీరానికి తిరిగి రావడం మంచిది.

మొదటి బోర్డు ఎనిమిది అడుగులకు తగ్గని ఫోమ్ బోర్డు అయి ఉండాలి. మెత్తగా ఉంటుంది కనుక తలకు తగిలినా గాయం తక్కువ, మందంగా ఉంటుంది కనుక బలహీనమైన అలను కూడా అందుకుంటుంది. పొట్టి బోర్డు చూడడానికి ముచ్చటగా ఉన్నా, మన దగ్గర సాధారణంగా వచ్చే నడుమెత్తు అలలకు అది కొత్తవారిని మోయలేదు. కాలికి కట్టే తాడు బోర్డు పొడవుకు తగ్గకుండా ఉండాలి.

రెండో మెట్టు: సంవత్సరాన్ని తెలుసుకోవడం

ఫిబ్రవరి, మార్చి నెలల్లో సముద్రం నెమ్మదిగా ఉంటుంది, తెల్లవారుజామున నీరు అద్దంలా కనిపిస్తుంది, అలలు చిన్నవి. కొత్తవారు ఈ కాలంలోనే మొదలుపెట్టాలి. ఏప్రిల్, మే నెలల్లో దక్షిణపు గాలి బలపడుతుంది. అదే కాలంలో హిందూ మహాసముద్రపు దక్షిణ కొసన, వేల కిలోమీటర్ల దూరంలో వచ్చిన తుపానుల నుంచి బయలుదేరిన పొడుగాటి అలలు బంగాళాఖాతంలోకి చేరతాయి. వాటిలో కొంత భాగాన్ని శ్రీలంక అడ్డుకున్నా, మిగిలినవి మన దాకా వస్తాయి. ఇక్కడ గాలి లేకపోయినా ఒడ్డున అల పెద్దదిగా ఉందంటే చాలావరకు కారణం అదే.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా అనుభవం ఉన్నవారి కాలం. నైరుతి రుతుపవనాల వల్ల తెల్లవారుజామున పడమటి గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తూ, అల ముఖాన్ని నిటారుగా నిలబెడుతుంది. అల కూలడానికి కొంచెం ఎక్కువ సమయం తీసుకుంటుంది, సర్ఫర్‌కు కావలసింది ఆ కొంచెమే. కానీ ఇదే గాలి గట్టిగా ఉన్నప్పుడు తేలికైన ఫోమ్ బోర్డు మీద ఉన్నవారిని చడీచప్పుడు లేకుండా లోపలికి తోసుకుపోతుంది. ఒడ్డున నిలబడితే నీరు నునుపుగా, ప్రశాంతంగా కనిపిస్తుంది కాబట్టి ఈ ప్రమాదం కంటికి ఆనదు. సరుగుడు చెట్ల తలలు సముద్రం వైపు వంగి ఊగుతున్నాయంటే కొత్తవారు నడుము లోతు దాటకూడదు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య గాలి, వాయుగుండాలు, తుపానులు. గాలి సముద్రం నుంచి ఒడ్డుకు వీస్తూ అలలను చెదరగొడుతుంది, ప్రవాహం దక్షిణానికి లాగుతుంది. కార్తీక పౌర్ణమి స్నానాలకు వేలమంది ఒడ్డుకు వచ్చేది కూడా ఈ కాలంలోనే. ఆ రోజు పౌర్ణమి పోటు, రుతుపవనపు అల, జనం అన్నీ కలుస్తాయి కనుక బోర్డు ఇంట్లోనే ఉంచడం ఉత్తమం. జనవరిలో గాలి క్రమంగా తగ్గుముఖం పడుతుంది.

మూడో మెట్టు: ముందు రోజు రాత్రి

హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ సముద్ర స్థితి అంచనాలను ప్రతిరోజూ ఇస్తుంది. అందులో అల ఎత్తు, రెండు అలల మధ్య వ్యవధి, అల వచ్చే దిక్కు, గాలి వేగం, గాలి దిక్కు చూడాలి. చాలామంది ఎత్తు ఒక్కటే చూసి బయలుదేరతారు. నిజానికి వ్యవధి అంతకంటే ముఖ్యం. ఒక మీటరు ఎత్తున్న అల ఆరు సెకన్ల వ్యవధితో వస్తే అది దగ్గరి గాలికి లేచిన చిందరవందర అల. అదే మీటరు అల పన్నెండు సెకన్లతో వస్తే దూరం నుంచి ప్రయాణించి వచ్చినది, బలం ఎక్కువ, ఒడ్డుకు వచ్చేసరికి ఇంకా ఎత్తు పెరుగుతుంది. అంచనాలో ఒకే సంఖ్య కనిపించిన రెండు రోజులు నీటిలో పూర్తిగా వేరుగా ఉండడానికి కారణం ఇదే.

తరువాత పోటుపాట్లు. మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు వస్తాయి. ప్రతిరోజూ సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ పోతాయి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో కూడా తేడా ఒక మీటరుకు అటూ ఇటూ మాత్రమే. గుజరాత్ తీరంతో పోలిస్తే అది చాలా తక్కువే అయినా, ఒడ్డు వాలుగా ఉన్నచోట ఆ మీటరే అన్నిటినీ మారుస్తుంది. నిండు పోటులో అల లోపలి ఇసుక మేటల మీద విరగకుండా వచ్చి నేరుగా ఒడ్డు అంచున దభీమని పడుతుంది. పాటు మరీ తీసినప్పుడు మేట మీద నీరు మోకాలి లోతుకు తగ్గి పడినవారికి దెబ్బలు తగులుతాయి. పోటు సగానికి వచ్చిన వేళ చాలాచోట్ల అనువుగా ఉంటుంది. గాలి వేళ, పోటు వేళ రెండూ తెల్లవారుజామున కలిసే రోజులు నెలలో కొన్నే ఉంటాయి. పంచాంగంలో తిథి చూసుకుని వాటిని ముందే గుర్తుపెట్టుకోవాలి, మిగతా పనులను ఆ రోజుల చుట్టూ సర్దుకోవాలి.

నాలుగో మెట్టు: తెల్లవారుజాము, ఒడ్డున

రాత్రి నేల చల్లబడడం వల్ల గాలి నేల నుంచి సముద్రానికి వీస్తుంది. పొద్దెక్కి నేల వేడెక్కాక తిరగబడి సముద్రం నుంచి వీస్తుంది. వేసవికి ముందు నెలల్లో ఈ మార్పు పది, పదకొండు గంటలకే వస్తుంది. నైరుతి కాలంలో మధ్యాహ్నం దాకా ఆగవచ్చు. సముద్రపు గాలి మొదలైతే ఆ రోజుకు సర్ఫింగ్ ముగిసినట్టే. అందుకే నెల్లూరు నుంచి మైపాడుకు వెళ్లేవారు చీకటితోనే ఇందుకూరుపేట దాటాలి. పాకలకు, కొత్తపట్నానికి, తుమ్మలపెంటకు వెళ్లేవారికీ ఇదే నియమం.

ఒడ్డుకు చేరగానే నీటిలోకి దిగవద్దు. ఎత్తయిన ఇసుక మీద నిలబడి కనీసం ఇరవై నిమిషాలు చూడాలి. అలలు గుంపులుగా వస్తాయి. నాలుగైదు పెద్దవి వచ్చి, తరువాత కొన్ని నిమిషాలు విరామం ఉంటుంది. విరామంలో చూసి ఇంతే కదా అనుకున్నవారు లోపలికి వెళ్లాక పెద్ద గుంపుకు దొరికిపోతారు.

అల ఎక్కడ ముందుగా తెల్లబడుతోందో అక్కడ నీటి కింద ఇసుక మేట ఉంది. అల తన ఎత్తుకు కొంచెం ఎక్కువ లోతు ఉన్నచోటికి రాగానే విరుగుతుంది కాబట్టి నురగ గీతే ఇసుక పటం. రెండు మేటల మధ్య అల విరగని, ముదురు రంగు నీటి పట్టీ ఒకటి కనిపిస్తుంది. దాని ఉపరితలం కొద్దిగా గరుకుగా ఉంటుంది, నురగ, ఇసుక, ఆకులు అలములు దాని మీదుగా లోపలికి పోతుంటాయి. ఒడ్డుకు చేరిన నీరంతా తిరిగి వెళ్లే దారి అదే, అంటే రిప్ ప్రవాహం. స్నానానికి వచ్చినవారు అలలు లేవని దిగేది సరిగ్గా అక్కడే. మేటకు ఒక అంచున అల ముందుగా విరిగి, ఆ విరుపు పక్కకు పాకుతూ పోతుంటే అదే మీకు కావలసిన చోటు. ఈ తిన్నని తీరంలో అలాంటి చోట్లు కొన్నే ఉంటాయి, అవి కూడా వారం తిరిగేసరికి జరుగుతుంటాయి.

ప్రవాహం దిక్కు తెలుసుకోవడానికి ఒక ఎండు కొమ్మను నీటిలోకి విసిరి చూస్తే చాలు. ఫిబ్రవరి నుంచి సెప్టెంబరు దాకా ఎక్కువగా ఉత్తరానికి, ఈశాన్య రుతుపవన కాలంలో దక్షిణానికి పోతుంది. దిగే ముందు ఒడ్డున రెండు గుర్తులు ఎంచుకోవాలి: దగ్గరగా ఒక వీధి దీపపు స్తంభం, దాని వెనుక దూరంగా ఒక సెల్ టవరో గుడి గోపురమో. నీటిలో ఉన్నప్పుడు ఆ రెండూ ఒకే వరుసలో కనిపిస్తున్నాయంటే మీరు ఉన్నచోటే ఉన్నారు. వరుస తప్పిందంటే కొట్టుకుపోతున్నారు.

ఐదో మెట్టు: పట్టపుపాళెంతో కలిసి మెలగడం

పట్టపుపాళెం అంటే తీరాన ఉన్న మత్స్యకారుల పల్లె. మన తీరం వారి పని స్థలం. ఒడ్డు నుంచి తాళ్లతో లాగే అలివి వల వేసిన రోజు దాని రెండు తాళ్ల మధ్య అర్ధచంద్రాకారపు నీరంతా వారిదే. ఆ తాళ్లు ఒడ్డుకు వచ్చేదాకా అటువైపు దిగకూడదు. ఫైబర్ పడవలు ఒడ్డుకు వచ్చేటప్పుడు అలల విరామం చూసుకుని ఇంజను జోరు పెంచి నేరుగా ఇసుక మీదికి ఎక్కుతాయి. ఆ దారిలో బోర్డు మీద కూర్చున్న మనిషి వారికి చివరి క్షణం దాకా కనిపించకపోవచ్చు. ఎండబెట్టిన చేపల మీదుగా, పరచిన వలల మీదుగా నడవకూడదు. కొత్త ఊరికి వెళ్తే మొదటి రోజు పల్లె పెద్దలైన పెద్దకాపులను కలిసి, ఫలానా చోట ఫలానా వేళ దిగుతామని చెప్పడం మర్యాద. ‘అన్నా, ఈ వారం మేట ఎటు జరిగింది?’ అని అడిగితే ఏ అంచనాలోనూ దొరకని సమాచారం వారి దగ్గర దొరుకుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అరవై ఒక్క రోజుల వేట నిషేధ కాలంలో పడవల రద్దీ తగ్గుతుంది, నీరు ఖాళీగా ఉంటుంది. కానీ ఆపదలో ఆదుకునే పడవలు కూడా ఆ కాలంలో నీటిలో ఉండవన్న సంగతి గుర్తుంచుకోవాలి.

ఓడరేవు కట్టల దగ్గరికి వెళ్లకూడదు. రాళ్ల పక్కన ప్రవాహం బలంగా ఉంటుంది, ఓడల దారి ఉంటుంది, భద్రతా ఆంక్షలూ ఉంటాయి. శ్రీహరికోట తీరం పూర్తిగా నిషిద్ధ ప్రాంతం.

ఆరో మెట్టు: నీటిలో

ఇద్దరు లేకుండా దిగవద్దు. ఒకరు ఒడ్డున ఉంటే ఇంకా మంచిది. బోర్డును ఎప్పుడూ మీకూ అలకూ మధ్య పట్టుకోకూడదు, పక్కన పెట్టుకుని నడవాలి. ఎదురుగా నురగ వస్తే పెద్ద బోర్డుతో మునగడం కుదరదు కనుక, అంచులు గట్టిగా పట్టుకుని బోర్డును తలకిందులుగా తిప్పి, దాని కింద వేలాడి, అల దాటాక మళ్లీ తిప్పుకోవాలి.

ఒడ్డు వైపు తిరిగి, అల వెనుక నుంచి ఎత్తుతున్నట్టు అనిపించాక కూడా మరో రెండు మూడు బారలు గట్టిగా చేతులు వేయాలి. కొత్తవారిలో ఎక్కువమంది అక్కడే ఆగిపోయి అలను పోగొట్టుకుంటారు. లేచేటప్పుడు అరచేతులు పక్కటెముకల దగ్గర ఆనించి, మోకాళ్ల మీద ఆగకుండా ఒకే ఊపులో రెండు పాదాలూ బోర్డు మధ్య గీత మీదికి తేవాలి. చూపు కాళ్ల మీద కాకుండా వెళ్లదలచిన వైపు ఉండాలి. మన అలలు ఒకేసారి కూలిపోయేవి కనుక నిటారుగా ఒడ్డుకు పోతే ప్రయాణం రెండు సెకన్లలో ముగుస్తుంది. లేచిన వెంటనే వాలుగా తిరిగితేనే కొంత దూరం దొరుకుతుంది. ఒక అల మీద ఇద్దరుంటే, అల విరిగే చోటికి దగ్గరగా ఉన్నవారిదే ఆ అల.

పడేటప్పుడు తల ముందు పెట్టి దూకకూడదు, మెడ విరగడానికి ఇసుక మేట చాలు. వెల్లకిలా గానీ పక్కకు గానీ చదునుగా పడి, పైకి తేలేటప్పుడు రెండు చేతులతో తలను కప్పుకోవాలి.

రిప్‌లో చిక్కుకుంటే ఒడ్డుకేసి ఎదురీదడం ప్రాణాంతకం. అది మనిషిని కిందికి లాగదు, లోపలికి మాత్రమే తీసుకుపోతుంది. అలలు విరిగే చోటు దాటాక దాని బలం తగ్గుతుంది. బోర్డును వదలకుండా, ఒడ్డుకు సమాంతరంగా అలలు విరుగుతున్న వైపుకు సాగి, అక్కడి నురగతో కలిసి బయటికి రావాలి. శక్తి చాలకపోతే బోర్డు మీద కూర్చుని చేయి పైకెత్తి ఊపాలి. ఒడ్డున ఉన్నవారు నీటిలోకి దూకకుండా గజ ఈతగాళ్లనో పడవ వారినో పిలవాలి. అంబులెన్సుకు 108, తీరరక్షక దళానికి 1554 నంబర్లు ఫోనులో ముందే ఉండాలి.

ఏడో మెట్టు: ఒంటి సంరక్షణ

పొడుగు చేతుల చొక్కా, ముఖానికి తెల్లటి జింక్ పూత, బయటికి వచ్చాక చల్లద్దాలు అవసరం. ఏళ్ల తరబడి ఎండ, గాలి, ఉప్పు తగిలిన కంటికి తెల్లగుడ్డు మీద కండ పెరుగుతుంది. నీరు వెచ్చగా ఉంటుంది కనుక చెమట పట్టిన సంగతి తెలియదు. దిగే ముందు, వచ్చాక మజ్జిగో నీరో తాగాలి. చద్దన్నం తిని దిగడం కంటే, ఒక అరటిపండు తిని దిగి, వచ్చాక కడుపునిండా తినడం మేలు.

లోతు తక్కువ ఉన్నచోట పాదాలు ఎత్తి వేయకుండా ఇసుకలో ఈడ్చుకుంటూ నడిస్తే కింద పడుకున్న టేకు చేప తప్పుకుంటుంది. దాని ముల్లు దిగితే, ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో కాలు అరగంటకు పైగా ఉంచితే నొప్పి తగ్గుతుంది. నీటి వేడిని దెబ్బ తగలని చేత్తో చూసి, తరువాత ఆసుపత్రికి వెళ్లాలి. జెల్లీ చేప తగిలితే మంచినీటితో కడగకుండా, ఇసుకతో రుద్దకుండా సముద్రపు నీటితోనే కడగాలి. వాన వెలిసిన రెండు మూడు రోజులు కాలువలు, రొయ్యల గుంటల నీరు కలిసే చోట్లకు దూరంగా ఉండాలి.

ఎనిమిదో మెట్టు: బోర్డు మరమ్మతు

నెల్లూరు ఎండలో కారులో వదిలేసిన బోర్డు మధ్యాహ్నానికి ఉబ్బి పొరలు విడిపోతుంది. మంచినీటితో కడిగి నీడలో ఉంచాలి. కాలు జారకుండా బోర్డు మీద రుద్దే మైనం కూడా వేడి ప్రాంతాలకు చేసిన గట్టి రకమే వాడాలి, లేకపోతే కారిపోతుంది.

గట్టి బోర్డుకు చిల్లి పడితే చెన్నైకి మోసుకుపోనవసరం లేదు. ఫైబర్ పడవలు బాగుచేసే ప్రతి పాళెంలోనూ రెసిన్, గాజు నార చాప, గట్టిపరిచే ద్రవం దొరుకుతాయి. అయితే ముందు మీ బోర్డు లోపలి నురుగు పదార్థం ఏదో తెలుసుకోవాలి. అది పాలీయురెథేన్ అయితే పడవలకు వాడే పాలిస్టర్ రెసిన్ సరిపోతుంది. అది పాలీస్టైరీన్ అయితే అదే రెసిన్ దానిని కరిగించి గుల్ల చేస్తుంది. దానికి ఎపాక్సీ అనే మరో రకం రెసినే వాడాలి. చిల్లి పడిన భాగాన్ని కిందికి ఉంచి ఉప్పునీరంతా కారనిచ్చి, కొన్ని రోజులు నీడలో ఆరబెట్టాలి. తడి మిగిలితే అతుకు నిలవదు. విరిగిన అంచులు కోసేసి, ఎనభై నంబరు గరుకు కాగితంతో చుట్టూ రెండంగుళాల మేర రుద్దాలి. వంద మిల్లీలీటర్ల పాలిస్టర్ రెసిన్‌కు ఒక మిల్లీలీటరు గట్టిపరిచే ద్రవం మన వేడికి చాలు. ఎక్కువ పోస్తే కలుపుతున్న గిన్నెలోనే పొగలు వచ్చి గడ్డకడుతుంది. గాజు చాప ముక్కను రెసిన్‌తో తడిపి, గాలి బుడగలు పోయేలా కుంచెతో అద్ది, గట్టిపడ్డాక సన్నని కాగితంతో నునుపు చేయాలి. ముఖానికి మాస్కు, చేతులకు తొడుగులు తప్పనిసరి, పని ఆరుబయటే చేయాలి.

తొమ్మిదో మెట్టు: తుపాను వేళ

1989 నవంబరు 9న కావలి దగ్గర తీరం దాటిన తుపానును ఇక్కడి పెద్దలు ఇప్పటికీ మరువలేదు. 2004 డిసెంబరు 26 నాటి సునామీ నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాళేలను తాకింది. కృష్ణపట్నం ఓడరేవులో ఒకటో నంబరు ప్రమాద సూచిక ఎగురవేశారన్న వార్త వినగానే బోర్డును ఇంట్లో పెట్టేయాలి. తుపాను దూరంగా ఉన్నప్పుడు రెండు మూడు రోజులు ఆకాశం నిర్మలంగా ఉండి, అలలు చక్కని వరుసల్లో వస్తాయి. సర్ఫర్‌ను ఎక్కువగా ఊరించేవి అవే, వాటి బలం చూపుకు తెలియనిదీ అప్పుడే. నీరు ఉన్నట్టుండి అసాధారణంగా వెనక్కి తీసినా, భూమి అదిరినట్టు అనిపించినా ఏ ప్రకటన కోసమూ ఎదురుచూడకుండా ఒడ్డు వదిలి ఎత్తయిన చోటికి వెళ్లాలి.

తుపాను దాటాక కూడా వెంటనే దిగకూడదు. పెన్న వరద తెచ్చిన మానులు, తెగిన వలలు, పాములు ఒడ్డు నీటిలో తిరుగుతుంటాయి, పాత మేటలు చెదిరిపోయి ఉంటాయి. నీటి బురద రంగు విరిగి, పడవలు మళ్లీ వేటకు వెళ్లడం మొదలయ్యాక, ఒక పాటు వేళ బోర్డు లేకుండా వెళ్లి, ఒడ్డు వెంట రెండు కిలోమీటర్లు నడిచి, కొత్త మేటలు ఎక్కడ లేచాయో, రిప్ దారులు ఎక్కడ తెరుచుకున్నాయో చూసుకుని, కొత్త గుర్తులు ఎంచుకున్న తరువాతే మరుసటి తెల్లవారుజామున నీటిలోకి దిగాలి.